ఫిలిప్ గస్టన్ మలిదశ మూర్తచిత్రాలు: ఒక సంచార ప్రదర్శన చరిత్ర

ఒక కళాకారుని కృషిని తొలిదశ, మలిదశ అని విభజించుకోవడం కళాచరిత్రలోనూ సాహిత్యచరిత్రలోనూ స్థిరపడిన పద్ధతి. అమెరికన్ చిత్రకారుడు ఫిలిప్ గస్టన్ (1913–1980) విషయంలో ఈ విభజన అవగాహన కంటే అపార్థానికే ఎక్కువ దోహదం చేసింది. 2022–24 మధ్య నాలుగు నగరాలలో సాగిన ‘ఫిలిప్ గస్టన్ నౌ’ ప్రదర్శన ఎదుర్కొన్న ఒడుదొడుకులు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి.

1970 అక్టోబరులో న్యూయార్క్‌లోని మార్ల్‌బరో గ్యాలరీలో గస్టన్ తన కొత్త చిత్రాలను ప్రదర్శించారు. అప్పటికి ఆయన అమూర్త చిత్రకారులలో అగ్రగణ్యుడు. 1962లోనే గుగెన్‌హైమ్ మ్యూజియం ఆయన చిత్రాలతో పునరవలోకన ప్రదర్శన జరిపింది. అటువంటి వ్యక్తి గులాబి, ఎరుపు రంగులలో, పత్రికల బొమ్మల కథలను తలపించే మొరటు గీతలతో, ముసుగు మనుషులను చిత్రించారు. వారు చుట్టలు కాలుస్తారు, కార్లలో ఊరంతా తిరుగుతారు. ఆ ముసుగు కు క్లక్స్ క్లాన్‌ది. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు హిల్టన్ క్రేమర్, సంస్కారవంతుడైన పండితుడు మొరటువాని వేషం కట్టాడని ఎద్దేవా చేశారు. సన్నిహిత మిత్రుడైన సంగీతకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ దూరమయ్యారు. విలెం డికూనింగ్ వంటి కొద్దిమంది మాత్రమే ఆ చిత్రాలలోని స్వేచ్ఛను గుర్తించారు.

ఈ వివాదమంతా శైలి చుట్టూనే తిరిగింది. ముసుగు ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్నకు అందులో తగినంత చోటు దక్కలేదు. గస్టన్ అసలు ఇంటిపేరు గోల్డ్‌స్టైన్. తల్లిదండ్రులు ఒడెసా ప్రాంతం నుండి వలస వచ్చిన యూదులు. ఆయన పెరిగిన లాస్ ఏంజెలెస్‌లో క్లాన్ కార్యకలాపాలు బహిరంగంగానే సాగేవి. పదిహేడేళ్ల వయసులో, 1930లో, ‘కాన్‌స్పిరేటర్స్’ కోసం వేసిన రేఖాచిత్రంలోనే ముసుగు మనుషులు, ఉరితాడు కనిపిస్తాయి. స్కాట్స్‌బరో కేసులో అన్యాయంగా శిక్షకు గురైన నల్లజాతి యువకులపై ఆయన వేసిన చిత్రఫలకం 1933లో పోలీసుల దాడిలో ధ్వంసమైంది. 1934–35లో మిత్రుడు రూబెన్ కాడిష్‌తో కలిసి మెక్సికోలోని మొరేలియాలో హింసకు వ్యతిరేకంగా చిత్రించిన భారీ కుడ్యచిత్రంలోనూ ముసుగులున్నాయి. కాబట్టి 1968 తరువాత జరిగినది మూర్తకళకు మారడం కాదు, దానిలోకి తిరిగి రావడం. ‘అమూర్తం’ అన్న మన పారిభాషిక పదంలోనే మూర్తం ఇమిడి ఉండటం ఇక్కడ ఆలోచించదగినది.

అయితే ఇది పునరుక్తి కాదు. 1930లో ముసుగులోనివాడు పరాయివాడు, దుర్మార్గుడు. ‘ది స్టూడియో’ (1969)లో ముసుగు వేసుకున్నవాడే చిత్రకారుడు. అతడు గీస్తున్నది తన రూపాన్నే. నేరారోపణ ఆత్మపరిశీలనగా మారింది. ఈ మార్పును గ్రహించాలంటే రెండు కాలాల చిత్రాలను కలిపి చూడక తప్పదు.

1980 మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మరొక పునరవలోకన ప్రదర్శన మొదలైన కొద్ది వారాలకే, జూన్ 7న, గస్టన్ మరణించారు. ఆ తరువాతి తరం చిత్రకారులకు మలిదశ చిత్రాలే ఆదర్శమయ్యాయి. అమూర్తచిత్రాలు వెనక్కి తగ్గాయి. విభజన మాత్రం తలకిందులై అలాగే నిలిచింది.

‘ఫిలిప్ గస్టన్ నౌ’ను వాషింగ్టన్, హ్యూస్టన్, లండన్, బోస్టన్‌లలోని నాలుగు మ్యూజియంలు రూపొందించాయి. మొదట కోవిడ్ అడ్డుపడింది. 2020 మేలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగింది. ఆ సెప్టెంబరులో, సామాజిక, జాతి న్యాయాలకు సంబంధించిన సందేశాన్ని మరింత స్పష్టంగా వ్యాఖ్యానించగలిగే వరకు ప్రదర్శనను 2024కు వాయిదా వేస్తున్నట్టు నిర్వాహకులు ప్రకటించారు. గస్టన్ కుమార్తె మూసా మేయర్ ఆక్షేపించారు. కళాకారులు, రచయితలు బహిరంగలేఖతో నిరసించారు. చివరకు 2022 మేలో బోస్టన్‌లో ప్రదర్శన మొదలైంది. అక్కడ ప్రేక్షకులను మానసికంగా సిద్ధం చేసే కరపత్రాన్ని అందుబాటులో ఉంచారు. ముసుగు చిత్రాలను చూడకుండా సాగిపోయే దారి కూడా ఏర్పాటు చేశారు.

నిర్వాహకుల జాగ్రత్తను పూర్తిగా తోసిపుచ్చలేము. క్లాన్ హింసను కుటుంబ జ్ఞాపకంగా మోస్తున్న ప్రేక్షకునికి ఆ ముసుగు కేవలం రూపకం కాదు. కానీ ఆ ప్రత్యేక దారి ముసుగు చిత్రాలను మిగిలిన జీవితం నుండి విడదీసింది. 1970లో క్రేమర్ శైలి పేరిట చేసినదే, అర్ధశతాబ్దం తరువాత విషయం పేరిట జరిగిందనాలి. మొరేలియా గోడ ముందు నిలిచినవారికి ‘ది స్టూడియో’లోని చిత్రకారుడు ఎవరో వివరించడానికి కరపత్రం అవసరముండదు.