ఏడాది అనుకున్న వర్డ్‌కి ఐదేళ్ళు

ప్రాసెస్ అన్న మాట వింటే మన సాఫ్టువేరు జనాలకి ముందు గుర్తొచ్చేవి టెంప్లేట్లు, చెక్‌లిస్టులు, ఆడిట్ ముందురోజు హడావిడిగా నింపే ఎక్సెల్ షీట్లు. నన్నడిగితే, అసలు ప్రాసెస్ ఎందుకో తెలియాలంటే విండోస్ కోసం మైక్రోసాఫ్ట్ చేసిన మొదటి వర్డ్ చరిత్ర తెలుసుకోవాలి.

1984లో మొదలుపెట్టినప్పుడు ఏడాదిలో అయిపోతుందన్నారు. మార్కెట్లోకి వచ్చింది 1989 చివర్లో! ఈలోగా కంపెనీ మాత్రం తెగ పెరిగింది. 1986లో పన్నెండొందల లోపున్న ఉద్యోగులు 1990కి 5,600 దాటారు. జనం పెరిగినంత మాత్రాన పని తెమలదన్నమాట.

మరి ఎక్కడ చెడింది? తేదీ తప్పకూడదన్న ఒత్తిడిలో ఫీచర్ "అయిపోయింది" అనిపించుకోవడమే ముఖ్యమైపోయింది. బగ్గుల సంగతి తర్వాత, టెస్టర్లు పట్టుకుంటారుగా! తర్వాతి కాలంలో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన జోయెల్ స్పాల్స్కీ 2000లో ఒక ముచ్చట రాశాడు. లైను ఎత్తు లెక్కగట్టే ఫంక్షన్ రాయాల్సిన ప్రోగ్రామర్, లెక్క జోలికే పోకుండా "రిటర్న్ 12" అని రాసి ఊరుకున్నాడట. అతన్ని తిట్టి ఏం లాభం? షెడ్యూలు అడిగింది టిక్కు, అతనిచ్చింది టిక్కు.

1989లో కంపెనీ లోపల ఒక మెమో తిరిగింది. దాని సారం ఇదీ: బగ్గుల్ని చివరిదాకా దాచిపెట్టకుండా ఎప్పటికప్పుడు సరిచెయ్యాలి, ప్రోడక్టు ఏరోజుకారోజు దాదాపు రిలీజ్ చెయ్యగలిగే స్థితిలో ఉండాలి. అందుకే రోజూ బిల్డ్. విరగ్గొట్టినవాడే వెంటనే బాగుచెయ్యాలి.

ఇందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. ఈరోజు రాసిన కోడులో బగ్గు ఈరోజే దొరికితే కారణం ఇంకా బుర్రలోనే ఉంటుంది. ఆర్నెల్లాగితే సొంత కోడే పరాయివాడిదిలా కనిపిస్తుంది. పైగా ఒక బగ్గు గంటలో తేలొచ్చు, ఇంకోటి రెండువారాలు తినొచ్చు. అలాంటివి గుట్టగా పడున్నంతకాలం రిలీజు తేదీ అని చెప్పేదంతా ఉత్తమాటే. ఆ ఉత్తమాటకి మూల్యం చెల్లించేది మాత్రం తేదీ ఇచ్చిన మేనేజరు కాదు, శని ఆదివారాలు ఆఫీసులో గడిపే కుర్రాళ్ళు.

కాబట్టి, కంపెనీ వేగంగా పెరుగుతోంది ప్రాసెస్ బాగుచేద్దాం అని ఎవరైనా మీటింగు పెడితే, కొత్త ఫారం తయారుచేసేముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: మన దగ్గర "అయిపోయింది" అంటే ఏమిటి?