సోడాఖారము: సమీకరణమున మిగిలిన శేషము

పూర్వము మన గ్రామములందు రజకులు చౌడుమన్ను తెచ్చి, దాని నీట బట్టలు ముంచి, ఉబ్బవేసి యుతికెడివారు. ఆ చౌటియందలి ఖారమునే మనము చాకలిసోడా యని యంగడిలో కొనుచున్నాము. దానిని కర్మాగారమున చేయు విధానము రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకములలో చిరకాలము బోధింపబడినది. బాలబాలికలు సమీకరణమును వల్లించి పరీక్షలో వ్రాయుదురు. కుడివైపున సోడా ప్రక్కను నిలిచిన రెండవ పదార్థ మెచటికి పోయెనని యడిగినవారిని మాత్రము నేను చూచి యెరుగను. ఆ ప్రశ్నకు సమాధానమే సోడా చరిత్రలో సగము.

ఫ్రాన్సు దేశమున నికొలా లెబ్లాంకు అను వైద్యుడు ఉప్పునుండి సోడా చేయు పద్ధతికి 1791లో పేటెంటు పొందెను. ఉప్పును గంధకికామ్లముతో కాచి, వచ్చిన లవణమును సున్నపురాతితోను బొగ్గుతోను కలిపి కాల్చవలెను. సమీకరణము ననుసరించి తూచి చూడుడు: 106 పాళ్ల సోడాకు 339 పాళ్ల సరకు కావలెను. తక్కిన 233 పాళ్లలో 73 హైడ్రోక్లోరికామ్ల వాయువు, 72 కాల్షియము సల్ఫైడు, 88 బొగ్గుపులుసు వాయువు. లెబ్లాంకు దీని ఫలము ననుభవింపలేదు. విప్లవకాలమున కర్మాగారమును గోల్పోయి, పాపము, 1806లో ఆత్మహత్య చేసికొనెను.

లాభము ఇంగ్లండు వర్తకులకు దక్కెను. లివర్‌పూలు, సెయింట్ హెలెన్సు, విడ్నెసు పట్టణములయందు సోడా కొలుములు వెలసెను. వాటినుండి వెలువడిన యామ్లవాయువువలన చెట్లు మాడెను, పైరులు చెడెను. రైతులు న్యాయస్థానముల కెక్కిరి. వర్తకులు పొగగొట్టములను మిక్కిలి యెత్తుగా కట్టించిరి. అందువలన విషము దూరపు పొలములపై పడెనేగాని తగ్గలేదు. 1836లో విలియం గాసేజి యనునాతడు ఆ వాయువును గోపురమున నీటితో కడిగి పట్టు నుపాయము కనిపెట్టెను. ఉపాయము తెలిసినంతమాత్రమున నందరు నవలంబింపలేదు. పట్టిన యామ్లమును కాలువలలో విడిచినవారును గలరు. తుదకు 1863లో ఆంగ్ల పార్లమెంటు, నూటికి 95 పాళ్ల వాయువును పట్టి తీరవలెనని శాసించి, రాబర్ట్ ఆంగస్ స్మిత్తను రసాయనజ్ఞుని తనిఖీకి నియమించెను. చట్టము నిర్బంధించిన పిదప వర్తకులు దాని విలువ నెరిగిరి. ఆ యామ్లమునుండియే క్లోరిను తీసి, బట్టలను తెల్లపరచు చూర్ణము చేసి, ధనము గడించిరి! సల్ఫైడు గుట్టలు మాత్రము కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టుచు ఊళ్ల ప్రక్కనే పడియుండెను.

బెల్జియమువాడగు ఎర్నెస్టు సాల్వే 1861లో పేటెంటు పొందిన పద్ధతియం దమ్మోనియాను మరల మరల రాబట్టుకొని వాడుదురు. ఇది లెబ్లాంకు పద్ధతిని క్రమముగ తరిమివేసెను. మేలైనదే, సందేహము లేదు. కాని యిందును 106 పాళ్ల సోడాతో 111 పాళ్ల కాల్షియము క్లోరైడు పుట్టును. వస్తువుకంటె శేషమే యెక్కువ.

శేషము పుట్టిన పిదప శుభ్రము చేయుటకంటె పుట్టకుండ చేయుటయే మేలన్నది హరిత రసాయనశాస్త్రము యొక్క మొదటి సూత్రము. పాల్ అనాస్టాసు, జాన్ వార్నరులు 1998లో ప్రకటించిన 12 సూత్రములలో నిది యగ్రగణ్యము. మన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారి 11వ తరగతి పుస్తకమున నీ శాస్త్రము పర్యావరణ రసాయనమను చివరి యధ్యాయమున నుండెడిది. సాల్వే పద్ధతి వేరొక యధ్యాయమున నుండెడిది. ఒకదాని నొకటి పలుకరించుకొనలేదు. సాల్వే పాఠమున కాల్షియము క్లోరైడు ఉపోత్పన్నముగ లభించునని యొక్క వాక్యముతో సరిపెట్టిరి. 2022లో విద్యార్థుల భారము తగ్గింపబూని యా రెండధ్యాయములను తొలగించిరి.

చివర నతికించిన యధ్యాయమును తీసివేయుట సులభము. ప్రతి సమీకరణము క్రిందను, చేతికి వచ్చిన దెంత, మిగిలిన దెంత, అది యెచటికి పోవును అని మూడు ప్రశ్నలు వ్రాసియున్నచో, పాఠమును తీయనిదే వానిని తీయుట సాధ్యము కాదు. దీనికి క్రొత్త పరికరములు అక్కరలేదు. పరమాణుభారముల పట్టికయు, కూడికయు చాలును. 111 పాళ్ల కాల్షియము క్లోరైడు ఏమగునని బాలిక యడిగినచో ఉపాధ్యాయుడు నిజము చెప్పవలెను: కొంత అమ్ముడుపోవును, తక్కినదానిలో చాల భాగము నదులలోనికిని సముద్రములోనికిని పోవుచున్నది.