కేప్ బ్రెటన్ తీరపుబాట

కెనడా తూర్పుతీరమున, నోవా స్కోషియా రాష్ట్రమునకు చేరిన కొండలదీవి కేప్ బ్రెటన్. దాని యుత్తరభాగమును చుట్టి, పెక్కుచోట్ల ఒకవంక కొండచరియను, ఒకవంక సముద్రమును ఒరసికొనుచు, సుమారు 300 కిలోమీటర్ల పొడవున కాబట్ ట్రైల్ అను రహదారి పోవుచున్నది. చూడవచ్చువారు అచ్చటి నిర్జనసౌందర్యమును మెచ్చుకొందురు. ఆ నిర్జనత్వమునకు ఒక చరిత్ర కలదు.

ఈ బాట 1932లో తొలిసారి పూర్తియయ్యెను. అంతకుముందు అచ్చటి జాలరిపల్లెలకు పడవయు కొండత్రోవయుఁ దప్ప వేఱు దిక్కు లేదు. బాట వారికి లోకముతో పొత్తు కలిపెను. ఇది గొప్ప మేలు.

నాలుగేండ్లకే, 1936లో, ఆ కొండలపై జాతీయోద్యానము ఏర్పడెను. ఉద్యానమున కాపురము లుండరాదనుట నాటి ప్రభుత్వవిధానము. కాప్ రూజ్ తీరమున చేపలు పట్టియు, సేద్యము చేసియు బ్రదుకుచున్న అకేడియను కుటుంబముల యిండ్లును భూములును పోయినవి. వీరు ఫ్రెంచి భాషీయులు. 1755 మొదలు ఆంగ్లప్రభుత్వము నోవా స్కోషియానుండి వెడలఁగొట్టిన జనుల సంతతివారు. తాతలు పడిన పాట్లే మనుమలకును ప్రాప్తించెను.

బాట పేరును గమనింపఁదగినదే. 1497లో ఓడపై వచ్చిన జాన్ కాబట్ ఈ దీవిపై అడుగిడినట్లు నిశ్చయము లేదు. పెక్కుమంది చరిత్రకారులు న్యూఫౌండ్లండు వైపే మొగ్గుదురు. అయినను బాట యతని పేరిటిదైనది. అనాదిగా ఈ దీవిని ఉనమాకి యని పిలుచుకొను మిక్మాక్ జనుల పేరు దానికి రాలేదు.

బాటలు వలదనుట నా యభిప్రాయము కాదు. బాట వేయునపుడు, దాని ప్రక్క నివసించువారు దాని ఫలము ననుభవించుటకు మిగిలియుందురా యని మొదట విచారింపవలెను. అట్లు విచారింపని సంస్కరణము చూచువారికి వేడుకయే గాని, ఉన్నవారికి మేలు కానేరదు.