దూరపు చదువా? ఇంటి నుంచి చదువా?

ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, ప్రతి ఇంట్లోనూ ఇదే చర్చ. పిల్లకు ఎక్కడో పేరుమోసిన యూనివర్సిటీలో సీటొచ్చింది, పంపడమా? లేక ఇంట్లో ఉండి బస్సులో వెళ్ళి వచ్చే కాలేజీలో చేర్చడమా? ఈ ప్రశ్న ఈనాటిది కాదు సోదరీమణులారా, దీనికి చాలా చరిత్ర ఉంది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పుట్టింది గనుక మొదట్లో దాని పని పరీక్షలు పెట్టి పట్టాలివ్వడమే. పాఠాలు చెప్పేవి అనుబంధ కళాశాలలు. అందువల్ల రాజమండ్రిలోనో, బందరులోనో, కాకినాడలోనో చదువుకున్న కుర్రవాడి చేతికీ మద్రాసు పట్టాయే వచ్చేది. చదువు దగ్గర, పట్టా దూరం అన్నమాట! అయినా లా వంటి పై చదువులకు మద్రాసు రైలెక్కక తప్పేది కాదు. ఆ బాధ తగ్గించడానికే 1926లో బెజవాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వెలిసింది. 1930లో అది వాల్తేరుకు మారింది. నిజాం రాజ్యంలో 1918లోనే ఉస్మానియా వచ్చింది. కాని అక్కడ బోధన ఉర్దూలో. తెలుగు పిల్లలకు దారి దగ్గరే, భాష దూరం.

ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఇద్దరు ఉపాధ్యక్షులనే చూడండి. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జి వెళ్ళి చదివారు. ఆయన తర్వాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు విదేశాల్లో చదవనే లేదు. వేలూరులోను, మద్రాసులోను చదివారు. అయినా 1936లో ఆక్స్‌ఫర్డు ఆయన్ని ఆచార్యుడిగా పిలిచింది. దూరం వెళ్ళినవాడూ గొప్పవాడయ్యాడు, వెళ్ళనివాడూ అయ్యాడు. చదువు చదివేవాళ్ళలో ఉంటుందిగాని మైళ్ళలో ఉండదు.

మరి ఆడపిల్లల సంగతో? కొడుకు విషయంలో ప్రశ్న "ఏది మంచిది?" అని. కూతురి విషయంలో "అసలు పంపాలా?" అని. ఊళ్ళో కాలేజీ ఉంటే చదువు, లేకపోతే పెళ్ళి. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఆడపిల్లల చదువును ప్రోత్సహించడం అందుకే అంత పెద్ద మాటయింది. ఇంటికి దగ్గరగా తలుపు తెరుచుకుంది.

దుర్గాబాయిగారి కథ ఇంకా గట్టిది. చిన్ననాటి పెళ్ళిని కాదనుకుని, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి వచ్చి, మళ్ళీ పుస్తకం పట్టారు. కాశీ విశ్వవిద్యాలయం ద్వారా మెట్రిక్, ఇంటర్ పూర్తిచేశారు. ఆ పైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, ఆడవాళ్ళకు హాస్టలు లేదన్నారు. ఆవిడ వెనక్కి రాలేదు. తనలాగే చదవాలనుకునే అమ్మాయిలను కూడగట్టి, ఉండే చోటు తామే ఏర్పాటు చేసుకుని, సీటు సంపాదించుకున్నారు. తర్వాత మద్రాసులో లా చదివి, రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. ఆమెకు అడ్డొచ్చింది దూరం కాదు, తలదాచుకునే గది లేకపోవడం.

1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చాక, గడప దాటలేని గృహిణి కూడా పట్టా పుచ్చుకోగలిగింది. కనుక దగ్గర చదువును చిన్నచూపు చూడవద్దు.

కాని ఒక్క మాట. ఇంటి నుంచి చదివే అమ్మాయిని మనం విద్యార్థినిగా చూస్తున్నామా? పొద్దున్నే కూరలు తరిగి, రెండు బస్సులు మారి కాలేజీకెళ్ళి, సాయంత్రం రాగానే "ఇంట్లోనే ఉన్నావుగా, అంట్లు తోమేయ్" అనిపించుకుంటే ఆ చదువు సగమే. ఇంట్లో ఉండే కొడుక్కి ఇచ్చే మేజా బల్ల, దీపం, నిశ్శబ్దం కూతురికీ ఇవ్వండి. ఇవ్వలేమనుకుంటే, మంచి హాస్టలు చూసి, ధైర్యంగా దూరం పంపండి. ఏ కాలేజీ అన్నది నిర్ణయించే ముందు, చదువుకోవడానికి పిల్లకు రోజుకెన్ని గంటలు దక్కుతాయో లెక్కవేయండి. ఆ లెక్క వేసేటప్పుడు పిల్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. చదవబోయేది తనే కదా!