సౌర పలకల పక్క ఊళ్లు: పావగడ సీమలో గుత్త భూములు, గాలిమరలు

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినది. అయితే దానిని మూడు వైపులా ఆంధ్ర ప్రాంతమే చుట్టి ఉన్నది. ఇళ్లలో మాట ఎక్కువగా తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం. ఉత్తర పినాకిని ఈ తాలూకా మీదుగానే పోతుంది కాని, ఏడాదిలో ఎక్కువ కాలం ఏటిలో ఇసుకే కనిపిస్తుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడు దోషం ఉన్నది. వానను నమ్ముకొని వేరుశనగ వేయడం, వాన తప్పితే బెంగళూరుకు కూలికి పోవడం ఇక్కడి కుటుంబాలకు తరతరాలుగా అలవాటైన బ్రతుకు.

ఇటువంటి సీమలో తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో సౌర విద్యుత్ పార్కు వెలసినది. 2015లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ, కేంద్ర ప్రభుత్వ సంస్థ కలిసి దీనికొక ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేసినవి. ‘శక్తి స్థల’ అనే పేరుతో 2018 మార్చి 1న ప్రారంభోత్సవం జరిగినది. 2019 చివరికి పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరినది.

దీని ప్రత్యేకత భూమి విషయంలో ఉన్నది. ప్రభుత్వం భూమిని కొనలేదు, స్వాధీనం చేసుకోలేదు, రైతుల వద్ద గుత్తకు తీసుకొన్నది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు అన్నది ఒప్పందం. ఐదెకరాల మెట్ట ఉన్న కుటుంబానికి మొదటి ఏడాది 1,05,000 రూపాయలు వచ్చినట్లు లెక్క. వాన రాని ఏడు విత్తనాల ఖర్చు కూడా తిరిగిరాని నేల మీద ఇది చిన్న మొత్తం కాదు. యాజమాన్యం రైతు పేరనే ఉండడం మరొక మేలు.

అయితే ఈ పెంపు లెక్కను నిదానంగా చూడవలసి ఉన్నది. రెండేళ్లకు 5 శాతం అంటే ఏడాదికి రెండున్నర శాతం కన్న తక్కువ. పది పెంపులు పూర్తయ్యేసరికి, అంటే 20 ఏళ్లకు, 21,000 రూపాయల గుత్త సుమారు 34,200 అవుతుంది. ఆ కాలంలో ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగినట్లయితే, నేడు వంద రూపాయలకు వచ్చే సరుకు 265 రూపాయలు పలుకుతుంది. గుత్త అంకె పెరుగుతూనే ఉంటుంది, దానితో వచ్చే బియ్యం మూటలు మాత్రం తగ్గుతూ పోతాయి. సంతకం చేసే నాడు ఈ లెక్క వేసి చూపినవారు అరుదు.

పట్టా లేనివారి సంగతి వేరు. గుత్త సొమ్ము పట్టాదారుకే అందుతుంది. ఆ చేలలో కలుపు తీసి, కాయ ఒలిచి బ్రతికిన కూలీలకు అందులో పైసా రాదు. చేను పలకల క్రిందికి పోగానే వారి పని కూడా పోయినది. గొర్రెలు మేపుకొనేవారికి బయలు కంచెలోనికి పోయినది. కావలి, గడ్డి కోత, పలకల తుడుపు వంటి పనులు కొందరికి దొరికినవి కాని, వేరుశనగ కోతకు పిలిచినంత మందిని పార్కు పిలువదు. బగర్‌హుకుం క్రింద ఏళ్ల తరబడి దున్నినా కాగితం రానివారిది కూడా ఇదే దుస్థితి. ఒకే వీధిలో ఒక ఇంటికి ఏటా లక్ష వస్తూ, ఎదురింటికి పని లేకుండా పోవడం పలకల వేడి కన్న ఎక్కువ బాధించే విషయము.

వేడి మాట కూడా కొట్టివేయదగినది కాదు. అమెరికాలోని అరిజోనాలో జరిగి 2016లో ప్రచురితమైన పరిశీలనలో, పలకలు పరచిన చోట రాత్రి వేళ గాలి చుట్టుపక్కల బీడు కన్న 3 నుండి 4 డిగ్రీలు వేడిగా ఉన్నట్లు తేలినది. ఆ కొలతలు పలకలున్న స్థలానివి. ఊరంతా అంత వేడెక్కుతుందని వాటికి అర్థం కాదు.

సరిహద్దుకు ఇవతల రామగిరి కొండల మీద 1990ల నుండి గాలిమరలున్నవి. అవతల చిత్రదుర్గం కొండల మీద కూడా ఉన్నవి. అవి మేఘాలను తరిమివేస్తాయన్న నమ్మకం అనంతపురం పల్లెలలో బలంగా ఉండేది. వానమేఘాలు సాధారణంగా రెక్కల కొన కన్న ఎంతో ఎత్తున ఉంటాయి, కరువు ఈ సీమకు గాలిమరల కన్న ముందే చుట్టము. నిజమైన ఇబ్బందులు రెండు. ఒకటి రాత్రి నిశ్శబ్దంలో వినవచ్చే రెక్కల హోరు. రెండవది ఉదయం, సాయంత్రం సూర్యుడు వాలి ఉన్నప్పుడు ఇంటి మీద ఊగిసలాడే నీడ. నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెల్‌లు మించరాదని 2000 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నవి. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇళ్ల గుంపుకు గాలిమర కనీసం 500 మీటర్ల దూరంలో ఉండాలి. రోడ్డుకైతే స్తంభం ఎత్తుకు రెక్కల చుట్టుకొలత వ్యాసంలో సగం, మరి 5 మీటర్లు కలిపిన దూరం విడవాలి. 100 మీటర్ల స్తంభం, 110 మీటర్ల వ్యాసం అయితే అది 160 మీటర్లు. ఊరివారు టేపు పట్టి కొలిచి అర్జీ వ్రాయగల విషయమే ఇది.

గుత్త పత్రం అవతల కన్నడంలో, ఇవతల తెలుగులో లేదా ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో ఆ లిపి చదివేవారు లేకపోతే, తెలిసినవారిచేత వాక్యం వాక్యం చదివించుకొనిన తరువాతనే వేలిముద్ర వేయాలి. పట్టా తాత పేరనే ఉన్నట్లయితే ముందుగా వారసుల పేర్లకు మార్పించుకోవాలి. 2005 చట్టసవరణ వలన ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కూడా కుమారులతో సమానంగా వాటా ఉన్నది గనుక, ఆడబిడ్డల సంతకం లేని పత్రం తరువాత తగాదాకు దారితీయవచ్చును. గడువు ముగిసిన తరువాత ఇనుప కాళ్లు, సిమెంటు దిమ్మలు ఎవరి ఖర్చుతో పెరికివేయాలో పత్రంలో ఉన్నదా అని చూడాలి. పాడైన సౌర పలకలు 2023 ఏప్రిల్ నుండి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల క్రిందికి వచ్చినవి. వాటిని చేను గట్టున పారవేసి పోవడం కుదరదు.