విమాన కర్మాగార ప్రయోగశాలలో లోహశాస్త్రజ్ఞుడు

విమానములు, వాని యంత్రములు, క్షిపణులు, ఉపగ్రహవాహక నౌకలు మున్నగువాని భాగములను నిర్మించు కర్మాగారములలో, కొన్న లోహము కోరిన లోహమేనా యని తేల్చుటకును, దానిని కాల్చి చల్లార్చు విధులను నియమించుటకును, విఱిగిన భాగము ఏ కారణమున విఱిగెనో విచారించి చెప్పుటకును నియుక్తుడైన శాస్త్రవేత్త లోహశాస్త్రజ్ఞుడు. బంగారపు వన్నెను కంసాలి గీటురాతిపై ఒక గీతతో నిర్ణయింపగలడు; విమానపు లోహమున కట్టి సులభోపాయము లేదు. ఒక అల్యూమినియపు కడ్డీ ఎంత లాగుడునకు తెగునో నిశ్చయముగా నెఱుగవలెనన్న దానిని తెంపియే చూడవలెను. తెంపిన కడ్డీ యిక విమానమునకు పనికిరాదు. అందుచేత, ఎగురనున్న భాగముతోబాటు ఒకే పోతనుండి పుట్టి, ఒకే కొలిమిలో కాలి, ఒకే తొట్టిలో చల్లారిన చిన్న తునుకను తెంపి, దాని సాక్ష్యమును బట్టి తక్కిన భాగములను నమ్ముట ఈ పరిశ్రమ కంతటికిని ఆధారమైన పద్ధతి. ఆ సాక్షికిని, ఆ భాగమునకును నడుమ ఏ భేదమును రాకుండ కాచుటయే లోహశాస్త్రజ్ఞుని ముఖ్యధర్మము.

లోహపు అంతర్నిర్మాణమును కంటితో చూచు విద్యకు ఇంగ్లండునందలి షెఫీల్డు నగరవాసి హెన్రీ క్లిఫ్టన్ సార్బీ ఆద్యుడు. 1863-64 ప్రాంతమున ఆయన ఉక్కుముక్కను నున్నగా మెఱుగుపెట్టి, ఆమ్లముతో తినిపించి, సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించెను. నేటికిని ప్రయోగశాలలో దినచర్య ఆ క్రమముననే సాగుచున్నది. కోసిన తునుకను బేకలైటులో బిగించి, గరుకు కాగితములపై క్రమక్రమముగా అరగదీసి, వజ్రపుపొడి లేపనముతో మెఱుగుపెట్టిన పిమ్మట, ఉక్కైనచో ఆల్కహాలులో కలిపిన నత్రికామ్లముతోను, టైటేనియమైనచో హైడ్రోఫ్లోరిక్, నత్రికామ్లముల పలుచని మిశ్రమముతోను తినిపింతురు. హైడ్రోఫ్లోరికామ్లము చర్మమును దాటి లోపలి కాల్షియమును పట్టుకొను ఘోరద్రవ్యము గనుక, ఆ గదిలో కాల్షియం గ్లూకోనేటు లేపనమును చేరువ నుంచుకొనుట నియమము. మెఱుగుపెట్టుట మోటుపని యని తలచుట తగదు. మెత్తని లోహమును అదిమి రుద్దినచో పైపొర పూసుకొనిపోయి పగుళ్ళను కప్పివేయును. లేదా లోపలి మాలిన్యకణము లూడిపోయి, లేని రంధ్రములు ఉన్నట్లు తోచును. నిజమైన సాక్షిచేత అబద్ధము చెప్పించుటకు ఇంతకంటె సుళువైన త్రోవ లేదు.

విమానములకు అల్యూమినియము పనికివచ్చుట ఆల్ఫ్రెడ్ విల్మ్ అను జర్మను శాస్త్రజ్ఞుని పరిశోధనాఫలము. రాగియు, కొలదిగా మెగ్నీషియమును చేర్చిన అల్యూమినియమును కాల్చి నీట ముంచగా అది మెత్తగానే యుండెననియు, కొన్ని దినములు ఊరక యుంచి మరల పరీక్షింపగా కఠినమయ్యెననియు ఆయన 1906 నాటి ప్రయోగములలో గమనించెను; డ్యురాలుమిన్ అట్లు పుట్టినది. కారణము ఆయనకు తెలియదు. లోహమున కరగియున్న రాగి మెల్లగా వెలువడి అతిసూక్ష్మ కణములుగా నేర్పడుటయే హేతువని 1919 లో అమెరికాయందు మెరికా, వాల్టెన్‌బర్గ్, స్కాట్ అనువారు ప్రతిపాదించిరి. 1938 లో ఫ్రాన్సునందు గినియే, బ్రిటనునందు ప్రెస్టన్ ఒండొరులతో నిమిత్తము లేకయే ఎక్స్ కిరణములతో ఆ కణముల జాడను పట్టిరి.

ఈ కణముల పరిమాణమును అదుపున నుంచుటయే నేటి ఉష్ణసంస్కారము. జింకు ప్రధానముగా గల 7075 అను మిశ్రలోహమును సుమారు 470 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కాల్చి, కొలిమినుండి తీసిన కొలది క్షణములలోనే నీట ముంచి, 120 డిగ్రీల వద్ద 24 గంట లుంచినచో అత్యధిక బలము సిద్ధించును. కాని ఆ స్థితిలో అది తేమయు, నిలుకడగల ఒత్తిడియు కలిసినచోట పగిలిపోవు స్వభావము కలది. ఇంకను హెచ్చు వేడిమిపై మరికొంతకాల ముంచినచో, బలమున పదింట ఒక వంతునకు పైగా పోయినను, ఆ పగులు భయము చాలవరకు తీరును. రెండు స్థితులలోని లోహమును పైకి ఒక్కతీరుననే యుండును. కాఠిన్యపరీక్ష యొక్కటే వానిని నమ్మకముగా వేఱుచేయజాలదు. అందుచే విద్యుద్వాహకతను కూడ కొలుతురు: శుద్ధమైన రాగిని నూఱుగా నెంచినచో మొదటి స్థితిలో 33 ప్రాంతమునను, రెండవ స్థితిలో 38 కి పైబడియు నుండును. కొలిమిలో ఒక మూలకును మఱియొక మూలకును వేడిమి భేదించినచో సాక్షితునుక ఒక స్థితిలోను, విమానభాగము మఱియొక స్థితిలోను ఉండవచ్చును గనుక, కొలిమి నిండ థర్మోకపుల్ తీగలను వ్రేలాడదీసి, నియమితకాలములయందు వేడిమి సమముగా నున్నదో లేదో కొలుచుట తప్పనిసరి. ఈ కొలతలకు ఏ.ఎం.ఎస్. 2750 అను ప్రమాణమును లోకమంతటను పాటింతురు. అందలి ఒక తరగతి కొలిమికి అనుమతింపబడిన భేదము 6 డిగ్రీలు మాత్రమే.

అధికబలముగల ఉక్కునకు మఱియొక వ్యాధి కలదు. కాడ్మియపు పూత పూయునప్పుడు పుట్టిన ఉదజని లోహములోనికి చొచ్చి దానిని పెళుసుగా మార్చును; బిగించిన మర కొన్ని గంటలకో, దినములకో హెచ్చరిక లేకయే తెగిపోవును. పూత ముగిసిన నాలుగు గంటలలోపల దానిని కొలిమి కెక్కించి, 190 డిగ్రీల వద్ద 23 గంటలవఱకు నుంచి ఉదజనిని వెడలగొట్టుట దీనికి చికిత్స. ఎక్కించిన వేళను వ్రాయని పట్టికను లోహశాస్త్రజ్ఞుడు త్రోసివేయవలెను. సరకు పంపవలసిన గడువు మీఱుచున్నను త్రోసివేయవలెను.

విఱిగిన భాగముల విచారణ ఈ వృత్తిలో మిక్కిలి గంభీరమైన పని. 1989 జూలై 19 న అమెరికాలోని సూ సిటీ వద్ద కూలిన డి.సి.-10 విమానపు ఉదంత మిందుకు ఉదాహరణము. తోకయందలి యంత్రపు పెద్ద టైటేనియపు ఫాన్ డిస్కు ఆకాశముననే పగిలి, దాని శకలములు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలను ఛేదించెను. 296 మందిలో 112 మంది మరణించిరి. సుమారు మూడు నెలలకు ఐయోవా రాష్ట్రపు పొలములలో ఆ డిస్కు దొరకెను. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద, నడిమి రంధ్రపు అంచున అతిచిన్న గుంటనుండి అలసటపగులు బయలుదేఱినట్లు కనబడినది. లోహమును శూన్యములో కరగించునాడు నత్రజని హెచ్చుగా చేరి, కరగక నిలిచిన పెళుసు కణ మచ్చట నుండెను. యంత్రపు పనిలో అది రాలిపోగా ఆ గుంట మిగిలెను. పగులు ముఖముపై ఒక్కొక్క ఎగురుటకు ఒక్కొక్క సన్నని గీత పడియుండ, ఆ గీతల లెక్క డిస్కు ఎగిరిన 15,503 పర్యాయములతో దాదాపుగా సరిపోయెను. అనగా మొదటి ఎగురుటనుండియే పగులు పెరుగుచుండెనన్నమాట. అంతకంటె హృదయవిదారకమైన దేమన, పగుళ్ళను పట్టుటకు పూయు కాంతిద్రవపు శేషము ఆ పగులు ముఖముపైననే దొరకెను. పరీక్ష జరిగిననాడు పగులు అచ్చటనే యున్నది, పరీక్షకుని కంటబడలేదు. యంత్రములలో తిరుగు ఇట్టి భాగముల టైటేనియమును రెండు మారులకు బదులు మూడు మారులు కరగించుట అప్పటికే మొదలై, ఆ పిదప స్థిరపడినది.

సాక్షి చెప్పినదానినే దిద్దివ్రాసినచో ఏమగునో తెలుపు ఉదంతమును ఒకటి కలదు. 2009 లోను, 2011 లోను నాసా వారి రెండు ఉపగ్రహములు, రాకెట్టు ముక్కుపై నుండు కవచము విడివడనందున కక్ష్యను చేరలేకపోయినవి. ఆ కవచపు అతుకున వాడిన అల్యూమినియమును సరఫరాచేసిన అమెరికా కర్మాగారము తన్యతాపరీక్షల ఫలితములను అనేక సంవత్సరములు మార్చి వ్రాసినదని 2019 లో నాసా ప్రకటించెను. చాలని సంఖ్యను చాలినట్లు దిద్దుట కలము చేయు చిన్నపని. దాని పర్యవసానము 70 కోట్ల డాలర్లకు మించిన నష్టము.

భారతదేశమున ఈ విద్యకు హైదరాబాదు ప్రధానస్థానము. రక్షణ లోహ పరిశోధనశాల 1963 లో నెలకొనెను. కంచన్‌బాగులో 1973 లో స్థాపితమైన మిశ్రధాతు నిగమము, అనగా మిధాని, 18 పాళ్ళు నికెలుగల మారేజింగు ఉక్కును ఇస్రో వారి ఘనేంధన మోటారు గొట్టములకు అందించినది. ఖనిజమునుండి టైటేనియపు స్పంజిని తీయు విధానమును ఆ పరిశోధనశాలయే సాధింపగా, దాని ననుసరించి కేరళలోని చవరయందు కర్మాగారము వెలసెను. తెలుగువారైన పల్లె రామారావుగారు ఆ పరిశోధనశాలకు డైరెక్టరుగా నుండి, పిదప హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులైరి. నగరపు చేరువనున్న ఆదిభట్లలో సి-130 జె విమానపు తోకభాగములు, అపాచీ హెలికాప్టరు దేహములు తయారగుచుండుటచే, లోహపరీక్షకుల పని ప్రభుత్వశాలల గడప దాటి ప్రైవేటు కర్మాగారములకును ప్రాకినది. వరంగల్లు ఎన్.ఐ.టి., హైదరాబాదు ఐ.ఐ.టి. మున్నగుచోట్ల పట్టము నందినవారు ఈ శాలలలో తునుకలు మెఱుగుపెట్టుటతో ప్రారంభించి, కాఠిన్య, తన్యతాపరీక్షలను నేర్చి, అనుభవము పండిన పిమ్మటనే ధ్రువపత్రముపై సంతకము చేయు అధికారమును పొందుదురు.

ఆ పత్రములను, విఱిచిన తునుకల శేషములను ఏండ్లతరబడి భద్రపఱుపవలసియుండును. సూ సిటీ విచారణలో డిస్కు పుట్టుపూర్వోత్తరములను వెదకినవారికి, కర్మాగారపు పాతలెక్కలలో ఒకే క్రమసంఖ్యతో రెండు డిస్కులు కనబడినవి. కూలిన విమానముననున్నది ఏ పోతనుండి పుట్టినదో నిర్ధారించుట వారికి దుష్కరమయ్యెను.