చీనా వైద్యమున దేహమార్గములు



మానవదేహమున 12 ప్రధానమార్గములు గలవనియు, వానివెంట 'ఛీ' యను జీవశక్తి రేయింబవళ్ళు ప్రవహించుచుండుననియు, ఆ ప్రవాహమునకు అడ్డు తగిలినచోట వ్యాధి పుట్టుననియు చీనా వైద్యులు చెప్పుదురు. సూది గ్రుచ్చియో, మూలికను కాల్చి సెగ పెట్టియో ఆ యడ్డు తొలగించుట వారి చికిత్స. ఈ మార్గముల పటమును వేలకొలది యేండ్లక్రింద పీతచక్రవర్తి యను పురాణపురుషుడు లోకమునకు ఒసగెననియు, నాటినుండి అది మార్పు లేక వచ్చుచున్నదనియు జనశ్రుతి. నేనును చాలకాలము అట్లే నమ్మితిని. అది మన యోగులు చెప్పిన నాడీవిద్యయే యని బడిపిల్లలకు చెప్పితిని కూడ. ఆ రెండు మాటలను సరిదిద్దుకొనవలసి వచ్చినది. ఆ కారణమును తమకు మనవి చేయుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

మొదట పేరు చూతము. చీనాభాషలో ఈ మార్గమునకు 'చింగ్' అని పేరు. చింగ్ అనగా మగ్గముమీది పడుగునూలు. ఆ మాటకే పూజ్యగ్రంథ మను అర్థమును కలదు. మన సంస్కృతమున 'సూత్రము' అనునది దారమునకును శాస్త్రవాక్యమునకును చెల్లుటను ఇచ్చట స్మరింపవలెను. బౌద్ధసూత్రములను తమ భాషలోనికి మార్చుకొన్నపుడు చీనా పండితులు వానికి చింగ్ అనియే పేరు పెట్టిరి. ఇక 'ఛీ' యనగా గాలి, ఆవిరి, ఊపిరి. 'శక్తి' యను భావమును దానికి ముఖ్యముగా అంటగట్టి, ఐరోపాలో వ్యాప్తికి తెచ్చినవాడు ఫ్రెంచి రాయబారోద్యోగి సోలియె ద మొరాఁ. భూగోళపటములో ఉత్తరదక్షిణముగా గీయు రేఖల పేరును ఈ మార్గములకు వాడుక చేసినవాడును అతడే. ఆతని గ్రంథము 1939లో వెలువడెను. కావున 'శక్తిరేఖలు' అను మాట నూఱేండ్లు నిండని మాట.

ఇక పటము సంగతి. హునాన్ రాష్ట్రమున చాంగ్‌షా నగరముచెంత మావాంగ్‌ద్వే యనుచోట 1973లో ఒక ప్రాచీనసమాధిని త్రవ్విరి. అది క్రీస్తుపూర్వము 168లో మూయబడిన ఒక మంత్రికుమారుని సమాధి. అందొక పెట్టెలో పట్టువస్త్రముమీద వ్రాసిన గ్రంథములు దొరకినవి. వానిలో రెండు దేహమార్గములను వర్ణించునవి. చదివిన పండితులు విస్మయము చెందిరి. వానిలో మార్గములు 12 కావు, 11 మాత్రమే. అవి ఒకదానితో నొకటి కలిసి చక్రముగా తిరుగవు. ఒక గ్రంథమునందు అన్నియు కాలుసేతుల కొనలనుండి బయలుదేరి మొండెమువైపునకో తలవైపునకో పోవును. సూది గ్రుచ్చవలసిన బిందువుల పేర్లు లేవు. సూది ప్రసక్తియే లేదు. ఏ మార్గమున బాధ గలదో ఆ మార్గముపై మూలిక కాల్చి సెగ పెట్టుమని మాత్రము కలదు. ఆ మూలిక వినాయకచవితి పూజలో మనము వాడు మాచిపత్రి జాతిది. నొప్పి గలచోట వాతలు పెట్టు మన పల్లెచికిత్స నెఱిగినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

తరువాతి మెట్టు 'హువాంగ్‌దీ నైచింగ్' అను గ్రంథము. పీతచక్రవర్తి పేర వెలసినను, ఇది క్రీస్తుపూర్వము 2, 1 శతాబ్దులలో పలువురు కూర్చినదని పండితుల నిర్ణయము. ఇందు మార్గములు 12 అయినవి. గుండెను చుట్టియున్న పొరకు ఒక మార్గము క్రొత్తగా చేరినది. ఊపిరితిత్తుల మార్గమున బయలుదేరిన ఛీ, పెద్దప్రేగు, కడుపు, ప్లీహము మొదలగువాని మార్గములు గడచి, తుదకు కాలేయమార్గము చేరి, మరల ఊపిరితిత్తులకే వచ్చును. ఒక పగలు, ఒక రాత్రిలో అట్టి చుట్లు 50. పండ్రెండు మార్గములను ఆ దేశపు పండ్రెండు నదులతో పోల్చిన యధ్యాయమొకటి అందు కలదు. చీనా యంతయు ఒక్క ఏలికక్రిందికి వచ్చినది క్రీస్తుపూర్వము 221లో. నదులు, కాలువలు, బాటలు దేశమును ఒక్కటిగా కూర్చినకాలముననే వైద్యులు దేహమునందును అట్టి కూర్పునే చూచిరని పలువురి యూహ.

వారు కన్ను మూసికొని ఊహించిరనుట న్యాయము కాదు. నదుల మాట చెప్పిన ఆ యధ్యాయమే, చనిపోయినవానిని కోసి చూడవచ్చునని చెప్పుచున్నది. క్రీస్తుశకము 16లో వాంగ్ మాంగ్ అను ప్రభువు ఒక తిరుగుబాటుదారుని శవమును రాజవైద్యునిచేతను కసాయివానిచేతను కోయించి, సన్నని వెదురుపుల్లలను రక్తనాళములలోనికి చొప్పించి వాని మొదలు తుద చూపించెనని హాన్ వంశచరిత్ర చెప్పుచున్నది.

పిమ్మట పటము స్థిరపడెను. క్రీస్తుశకము 1027లో సోంగ్ చక్రవర్తి యాజ్ఞచేత వాంగ్ వేయీ యను వైద్యుడు నిలువెత్తు కంచువిగ్రహములు రెండు పోయించెను. వానిపై 657 బిందువులు గుర్తింపబడినవి. విగ్రహమునకు మైనము పూసి, లోపల నీరు నింపి, విద్యార్థిచే సూది గ్రుచ్చించెడివారనియు, చోటు సరియైనచో నీరు చిమ్మెడిదనియు చెప్పుదురు. పరీక్ష మేలైనదే. కాని అది విద్యార్థి గురువు చెప్పినచోటును ఎఱుగునా యని తేల్చును. గురువు చెప్పినది నిజమా యని తేల్చదు.

ఆ రెండవ ప్రశ్న వేసినవాడు వాంగ్ ఛింగ్‌రెన్. 1797లో పిల్లలకు మహమ్మారి సోకి, బీదల బిడ్డల శవములు లోతులేని గోతులనుండి బయటపడియుండగా, ఈ వైద్యుడు దుర్గంధమును సహించి దినదినము పోయి వానిని పరిశీలించెను. కన్నదానికిని గ్రంథములో విన్నదానికిని పొంతన కుదరలేదు. తాను చూచినదానిని 1830లో పుస్తకముగా అచ్చొత్తించి, మఱుసటియేట మరణించెను. ఆతని పరిశీలనలోను తప్పులు కలవు. అయినను, పూర్వులను గౌరవించుచునే వారి పొరపాటు చెప్పిన ఆ ధైర్యమునకు నేను నమస్కరింతును.

1822లో చక్రవర్తి, రాజదేహమున సూది గ్రుచ్చుట తగదని, ఆస్థానవైద్యశాలలో ఆ విభాగమును ఎత్తివేసెను. 1929లో స్వదేశవైద్యమునే నిలుపుచేయు ప్రతిపాదన రాగా, వైద్యులు షాంఘైలో గుమిగూడి ప్రతిఘటించిరి. అది అమలు కాలేదు. ఆ దినములలో చెంగ్ దానాన్ అను వైద్యుడు క్రొత్త శరీరశాస్త్రమును చదివి, సూది రక్తనాళమున దిగకుండునట్లు బిందువుల చోట్లను సవరించెను. ప్రపంచారోగ్యసంస్థ ఒప్పుకొన్న పట్టికలో మార్గములపైనున్న బిందువులు 361.

మఱి సూదివలన గుణము కలదా? 2007లో జర్మనీలో దీర్ఘకాలపు నడుమునొప్పి గల 1162 మందిని పరీక్షించిన ఫలితము ప్రకటింపబడెను. శాస్త్రోక్తస్థానములలో సూది గ్రుచ్చినవారిలో నూటికి 47.6 మందికి గుణము కనబడెను. బిందువులకు దూరముగా పైపైన గ్రుచ్చినవారిలో 44.2, వాడుక చికిత్స పొందినవారిలో 27.4. అనగా సూది కొంత మేలు చేసినది, పటము మాత్రము అంత పని చేయలేదు. శవచ్ఛేదనమున గాని, సూక్ష్మదర్శినిలో గాని ఈ మార్గములు వేఱు అవయవములుగా నిరూపింపబడలేదు.

ఇక మన నాడుల మాట. ఇడాపింగళాదులు ప్రాణాయామసాధకుని ధ్యానమునకు చెప్పబడినవి. వానిపై సూది గ్రుచ్చుమను విధి లేదు. సుశ్రుతుని 107 మర్మములు గాయము తగులకుండ కాపాడవలసిన తావులు. చీనావారి బిందువులు సూది గ్రుచ్చుటకు ఏర్పడిన తావులు. పోలిక కనబడినంతనే రెండును ఒకటే యనుట ఇరువురు పూర్వులకును అపచారము.

పీతచక్రవర్తి ఒక్కనాడు ఇచ్చిన విద్య యనుటకంటె, పేరు తెలియని వైద్యులు తరతరములు చూచి, గీసి, దిద్దిన విద్య యనుటయే ఆ శాస్త్రమునకు గౌరవము. దిద్దుట మానిన నాడే శాస్త్రము కంచుబొమ్మ యగును. మన యింట తాటాకులలో దాగిన వైద్యమునకును ఇదే న్యాయము. దానిని పారవేయనక్కఱలేదు, పరీక్షింపక మ్రింగనక్కఱయు లేదు. ఎవరైన సూదివైద్యమునకు పోయినచో నడుమునొప్పికి పోవచ్చును. గుండెనొప్పికిని పాముకాటునకును మాత్రము ఆసుపత్రిదారి పట్టవలెను.